‘శిథిలం’ అని రాసే ముందు ఒక్కసారి పైకప్పు ఎక్కి చూడండి

రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు, ఆ భవనాల పనులు చూసే ఇంజనీర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం.

వర్షాకాలం వెళ్లాక ప్రతి ఏడాదీ మీ టేబుల్ మీదకు కొన్ని ఫైళ్లు వస్తాయి. ఫలానా శాఖా గ్రంథాలయం పాతబడింది, గోడలకు చెమ్మ పట్టింది, పైకప్పు కారుతోంది, పెచ్చులు ఊడుతున్నాయి, ‘శిథిలావస్థకు చేరినందున’ తొలగించి కొత్తది కట్టడానికి అనుమతి ఇవ్వగలరు అని. నేను ముప్ఫై నాలుగేళ్లు ఇంజనీరుగా పనిచేసి రిటైర్ అయ్యాను. అలాంటి ఫైళ్లు నేనూ రాశాను. ఆ మాట ఎంత తేలిగ్గా రాయొచ్చో నాకు తెలుసు. భవనం చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చి రాసేయొచ్చు. ఒకసారి రాశాక ఇక ఆ భవనం కూల్చివేతను ఎవరూ ఆపలేరు. రేపు ఏదైనా కూలితే ఎవరు జవాబు చెప్పాలి అన్న టెన్షన్‌తో పై అధికారి కూడా సంతకం పెట్టేస్తారు. ఆయన స్థానంలో నేనున్నా పెట్టేవాణ్ణేమో.

ఆ ఒక్క మాట గురించే మీకు ఈ ఉత్తరం.

మాది డెల్టాలో ఒక చిన్న పట్టణం. ఊరి పేరు రాయడం లేదు, ఎవరినో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు కాబట్టి. మా గ్రంథాలయం 1930లలో ఊరివాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్నది. గుమ్మం పక్కన నల్లరాతి పలక మీద దాతల పేర్లు చెక్కి ఉండేవి. ఒకరు స్థలం, ఒకరు టేకు దూలాలు, ఒకరు రెండు బట్టీల ఇటుక, ఒక పెద్దావిడ నూటపదహార్లు. నేను అక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి రాత ఆ పలకే. మా తాతగారి చేయి పట్టుకుని వెళ్లి, ఆయన పేపరు చదువుకుంటున్నంతసేపూ నేను ఆ పేర్లు చదువుకునేవాణ్ణి.

ముందు అరుగు, దాని మీద వసారా. లోపల పెద్ద హాలు, దాని వెనక పుస్తకాల గది. హాలుకు రెండు వైపులా నిలువెత్తు కిటికీలు, వాటి మీద పైకప్పుకు దగ్గరగా తాడు లాగితే తెరుచుకునే వెంటిలేటర్లు. పైన టేకు దూలాలు, వాటి మీద ఇటుక, సున్నంతో వేసిన మిద్దె. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు బయట రోడ్డు మీద కుక్క కూడా కనపడదు. ఆ హాల్లో మాత్రం ఫ్యాను లేకపోయినా కూర్చుని చదువుకోవచ్చు. ఇది చిన్ననాటి జ్ఞాపకం కదా, కాస్త తీపిగా చెబుతున్నాను అనుకోకండి. అలా ఎందుకు ఉండేదో ఇంజనీరునయ్యాక లెక్క కట్టి తెలుసుకున్నాను, కింద చెబుతాను.

1990లలో ఆ భవనానికి మరమ్మతులు చేశారు. డబ్బు బాగానే ఖర్చయింది, ఉద్దేశమూ మంచిదే. గోడల పాత సున్నపు పూత చెక్కేసి సిమెంటు పూత వేశారు. దాని మీద ప్లాస్టిక్ పెయింటు. పిట్టగోడ పక్కనుండే నీటి తూములు చిన్నవిగా కనిపిస్తున్నాయని మూసి, ఒకటే పైపు పెట్టారు. రెండేళ్లు చూడముచ్చటగా ఉంది. మూడో ఏడు నుంచి గోడలు నడుము ఎత్తుదాకా ఉబ్బడం మొదలైంది. గోడ పక్కనున్న బీరువాల్లో పుస్తకాలకు బూజు పట్టింది. ఆకులు అడ్డుపడి ఆ ఒక్క పైపూ మూసుకుపోతే మిద్దె మీద నీళ్లు నిలిచాయి, దూలాల కొసలు నానాయి. పిట్టగోడలో రావి మొక్క మొలిచింది. దాన్ని పీకడానికి ఎవరూ నిచ్చెన ఎక్కలేదు. పదేళ్లు తిరక్కుండా ఫైలు మీద ‘శిథిలావస్థ’ అన్న మాట పడింది.

కూల్చేటప్పుడు నేను సెలవు పెట్టుకుని వెళ్లి చూశాను. శిథిలమని రాసిన ఆ గోడలు ప్రొక్లెయిన్‌కి అంత సులువుగా లొంగలేదు. రెండు రోజుల్లో అవుతుందన్న పని వారం దాటింది. ముక్కలుగా పడిన గోడలో ఇటుక విరిగింది గానీ ఇటుకకూ ఇటుకకూ మధ్యనున్న సున్నం మాత్రం ఊడిరాలేదు. దూలాల్లో కొసలు కుళ్లినవి మూడు. మిగతావన్నీ ఉక్కులా ఉన్నాయి, అక్కడే వేలం వేశారు. దాతల పలక ఏమైందో ఎవరూ చెప్పలేదు. పుస్తకాలు గోనె సంచుల్లో కట్టి ఒక గోడౌన్‌లో పెట్టారు. మూడు వర్షాకాలాలు అవి అక్కడే ఉన్నాయి. కొత్త భవనం తయారయ్యాక సంచులు విప్పితే, సగానికి పైగా పుస్తకాలు అట్టలు అతుక్కుపోయి ముద్దయిపోయాయి.

ఆ సంచులు విప్పిన రోజు నుంచి నాకు ఈ ఉత్తరం రాయాలని ఉంది.

సిమెంటు పూత ఎందుకు చెరుపు చేసిందో చెప్పకుండా ముందుకు వెళ్లలేను. పాత గోడల కింద ఈనాటి మాదిరి చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు. నేలలోని తేమ ఇటుకలోకి పాకుతుంది. పాతకాలం మేస్త్రీకి ఇది తెలుసు, అందుకే ఆ తేమ బయటికి పోయేలా కట్టాడు. సున్నం గాలి పీల్చుకుంటుంది. లోపలి తేమను పైకి లాగి ఎండకు వదిలేస్తుంది. పూత అప్పుడప్పుడు పొడిగా రాలుతుంది, ఏటా వెల్ల వేస్తే సరిపోతుంది. రాలేది పూత, మిగిలేది గోడ. సిమెంటు పూత ఆ దారిని మూసేస్తుంది. తేమ లోపలే ఉండిపోయి పైపైకి ఎక్కుతుంది, లవణాలు పేరుకుని పూతను తోసేస్తాయి. చూసేవాళ్లకు గోడ కుళ్లిపోయినట్టు కనిపిస్తుంది. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే కాగితానికి బూజు పడుతుంది. అంటే అందం కోసం వేసిన పూతే పుస్తకాలను తినేసింది.

డంగు సున్నం అనే మాట తెలంగాణలో పాత మేస్త్రీలు ఇంకా వాడతారు, కోస్తాలో గానుగ సున్నం అంటారు. సున్నాన్ని నానబెట్టి, ఇసుక కలిపి, గానుగలో రాతి చక్రం కింద నలగ్గొట్టి, కరక్కాయ నీళ్లో బెల్లం నీళ్లో పోసి వాడేవారు. సిమెంటు కొన్ని వారాల్లో తన బలంలో ఎక్కువ భాగం తెచ్చుకుంటుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. మా కాలేజీలో ఈ పాఠం అరగంటలో అయిపోయింది. నా సర్వీసు మొత్తంలో సున్నం పనికి నేను కట్టిన ఎస్టిమేట్లు రెండే రెండు, అవి కూడా చివరి ఐదేళ్లలో. అందుకే యువ ఇంజనీర్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు, నాకూ నేర్పలేదు.

ఈ భవనాలు మనకు ఎలా వచ్చాయో మీకు తెలియదని కాదు, అయినా చెప్పాలనిపిస్తోంది. భీమవరం దగ్గర కుముదవల్లిలో 1897లో భూపతిరాజు తిరుపతిరాజు గారు వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం పెట్టారు. మరుసటి ఏడే రాజమండ్రిలో వడ్డాది సుబ్బారాయుడు గారు వసురాయ గ్రంథాలయం మొదలుపెట్టారు. తరవాత మరో గ్రంథాలయంతో అది కలిసి ఇప్పటి గౌతమీ గ్రంథాలయమైంది. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. రావిచెట్టు రంగారావు గారు తన ఇంట్లోనే చోటు ఇచ్చారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు వెంట నిలిచారు. సుల్తాన్ బజార్లో దానికి సొంత భవనం రావడానికి 20 ఏళ్లు పట్టింది. ఆ రోజుల్లో హైదరాబాదు రాజ్యంలో తెలుగువాడు నలుగురిని పోగుచేసి సభ పెట్టుకోవడమే కష్టం. అలాంటి చోట తెలుగు పుస్తకానికి ఒక గోడ, ఒక గుమ్మం, ఒక బోర్డు దొరకడం అంటే మామూలు విషయం కాదు.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో రామమోహన గ్రంథాలయం ఆధ్వర్యంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు కలిశారు. ఆ సభకు నడుం కట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. అక్కడ పుట్టిన సంఘమే ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించింది. నవంబరు 14న మనం గ్రంథాలయ వారోత్సవాలు మొదలుపెడతాం కదా, 1919లో అదే తేదీన మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరగడానికి వెనక ఉన్నదీ ఆయనే. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో వి.వి. శ్రేష్ఠి గారి చొరవతో మొదలైంది. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఆ ఊరికి వెళ్తారు. పెద్ద నగరం కాదు, రాజధాని కాదు. నేత మగ్గాల ఊరు.

ఇంజనీరుగా చూస్తే ఆనాటి చందా భవనాల ప్లాన్లలో నన్ను ఆకట్టుకునేది ఒకటుంది. చాలా వాటిలో పుస్తకాల గది చిన్నది, హాలు పెద్దది. చదువు రానివాళ్లు ఎక్కువగా ఉన్న కాలం అది. ఒకరు పేపరు పైకి చదివితే ఇరవై మంది కూర్చుని వినేవారు. రాత్రి బడి అక్కడే, హరికథ అక్కడే, సభ అక్కడే. అరుగు ఎందుకంటే, లోపలికి రావడానికి మొహమాటపడేవాళ్లు ముందు అరుగు మీద కూర్చుంటారు, నాలుగు రోజులు పోయాక లోపలికి వస్తారు. మా తాతగారు అలాగే వచ్చారట. ఈ హాలూ అరుగూ ఏ ఆర్కిటెక్టూ గీసినవి కావు. ఊరి అవసరం చూసి మేస్త్రీ, పెద్దమనుషులు కలిసి తేల్చుకున్న కొలతలు అవి.

భవనమే లేకుండా నడిచిన గ్రంథాలయం కూడా మనకు ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టుకుని పెదపాలెం నుంచి కొల్లూరు వరకు కాలువ మీద తిప్పారు. గోడ కంటే చదివే మనిషి ముఖ్యమని చెప్పడానికి దాన్ని తరచూ ఉదాహరణగా తెస్తారు. ఒప్పుకుంటాను. కానీ ఆ పడవకూ పైకప్పు ఉండాలి, పుస్తకం తడవకూడదు.

ప్రభువులు కట్టిన భవనాలది ఇంకో దారి. మద్రాసులో కన్నెమరా గ్రంథాలయం 1896 డిసెంబరు 5న తెరిచారు, హెన్రీ ఇర్విన్ గీసిన భవనం. టేకు బీరువాలు, రంగు అద్దాలు, చెక్కడపు పని. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో చదువుకున్న మన పెద్దలెందరో అక్కడ కూర్చున్నవాళ్లే. చోటు చాలకపోతే 1970లలో పాత హాలును అలాగే ఉంచి పక్కన కొత్త భవనం కట్టారు. పాతదీ కొత్తదీ ఇప్పటికీ పని చేస్తున్నాయి. ‘పాతది ఉంచితే కొత్తదానికి చోటేది’ అని మీ సమావేశాల్లో ఎవరైనా అడిగితే మద్రాసు వెళ్లి చూసి రమ్మనండి.

మన హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం గురించి కాస్త ఎక్కువ చెబుతాను. 1891లో అది కుతుబ్‌ఖానా అసఫియా పేరుతో మొదలైంది. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామి, అంటే ఇమాదుల్ ముల్క్, దాని వెనక ఉన్న పెద్దమనిషి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరంలో వేల ప్రాణాలు పోయాయి. ఆ తరవాత నది ఒడ్డును కొత్తగా తీర్చిదిద్దారు. ఈ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఆ ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ లేచాయి. గ్రంథాలయానికి 1932లో పునాది వేశారు, 1936లో పుస్తకాలు అందులోకి చేరాయి. వరద ఒక నగరాన్ని తుడిచిపెట్టిన చోటే ఆసుపత్రి, న్యాయస్థానం, కాలేజీ, వాటి వరసలోనే గ్రంథాలయం కట్టారన్నది నాకు చాలా పెద్ద సంగతిగా అనిపిస్తుంది. పుస్తకాన్ని వాళ్లు ఆ నాలుగింటిలో ఒకటిగా లెక్కపెట్టారు.

లోపలికి వెళ్లి పైకి చూడండి. ఆ పైకప్పు ఎత్తు దర్జా కోసమే అనుకుంటాం. వేడి గాలి పైకి పోతుంది. ఎత్తు ఉంటే అది మన తలల మీద కాకుండా మనకు చాలా పైన నిలుస్తుంది. అక్కడ వెంటిలేటరు ఉంటే బయటికి పోతుంది, కింది కిటికీల నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. మందపాటి గోడ పగలంతా వేడిని పీల్చుకుంటుంది. అది లోపలి ముఖానికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, అప్పటికి పాఠకులు ఇళ్లకు వెళ్లే వేళ. మా ఊరి హాలు మే నెలలో చల్లగా ఉండటానికీ ఇదే కారణం. అఫ్జల్‌గంజ్‌లో రాజు డబ్బుతో కట్టినా, మా ఊళ్లో నూటపదహార్లతో కట్టినా సూత్రం ఒకటే. కరెంటు మీద ఆశ పెట్టుకోకుండా, ఎండనూ వాననూ గాలినీ లెక్కలోకి తీసుకుని కట్టారు.

వెలుతురు కూడా అంతే. పాత స్టాక్ గదుల్లో చాలాచోట్ల రెండు ర్యాకుల మధ్య దారికి సరిగ్గా ఎదురుగా కిటికీ ఉంటుంది. పుస్తకం వెన్ను మీద పేరు పగటి వెలుతురులో చదవొచ్చు, ఎండ మాత్రం పుస్తకం మీద నేరుగా పడదు. వసారా దాన్ని ఆపుతుంది. 19వ శతాబ్దం మధ్య నుంచి కాగితాన్ని చెక్క గుజ్జుతో చేయడం మొదలైంది. ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది, ఎండ తగిలితే త్వరగా పసుపెక్కి పెళుసవుతుంది. మన తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం ఆ కాగితం మీద అచ్చయినవే. పడమటి ఎండ తగిలే అద్దాల కిటికీ పక్కన ర్యాకు పెట్టడమంటే, ఆ పుస్తకాల ఆయుష్షును మన చేత్తో తగ్గించడమే.

ఇప్పుడు కొత్త భవనాల సంగతి. మా ఊరి కొత్త గ్రంథాలయం కింద షాపులు, పైన పఠన మందిరం. అద్దె వస్తుంది కదా అన్నారు. వస్తున్నది నిజమే. కానీ మెట్లు ఎక్కలేక మా తాతగారి వయసువాళ్లు రావడం మానేశారు. కింద మిర్చి బజ్జీల బండి నూనె పొగ కిటికీలోంచి పైకి వస్తుంది. పైకప్పు పది అడుగులే. పడమర వైపు నేల నుంచి పైదాకా జరిపే అద్దాలు. ఏసీ కోసమని గీసిన ప్లాను అది, ఏసీ ఇప్పటిదాకా రాలేదు.

ఇంకొకటి భద్రతకు సంబంధించినది, దయచేసి ఇంజనీర్లు గమనించండి. భారతీయ ప్రమాణాల ప్రకారం ఇంటి గది నేల మీద చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారం వేసుకుని డిజైను చేస్తాం. పుస్తకాల ర్యాకుల గదికి 2.2 మీటర్ల ఎత్తు వరకే దాదాపు 600 కిలోలు వేసుకోవాలి, ర్యాకు ఎత్తు పెరిగితే ఇంకా ఎక్కువ. అంటే మూడింతలు. షాపింగ్ కాంప్లెక్సు కోసమో ఆఫీసు కోసమో వేసిన స్లాబు మీద ఇనుప ర్యాకులు వరసగా నిలబెట్టిన చోట్లు నేను చూశాను. కొత్తది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు. పాత భవనంలో పుస్తకాల గది నేల మట్టం మీదే ఉండేది, భారమంతా భూమి మోసేది.

పాఠకులు మారారని మీరు అంటారు. అవును, చాలా మారారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్లి చూస్తే తెలుస్తుంది. గ్రూప్స్ పరీక్షలకు, పోలీసు, టీచరు ఉద్యోగాలకు చదివే పిల్లలు తలుపు తెరవకముందే వచ్చి ఉంటారు. లోపల సీటు దొరకనివాళ్లు బయట చెట్ల కింద కూర్చుని చదువుతారు. జిల్లాల్లో కూడా ఇదే సీను. వాళ్లకు పుస్తకం కంటే ముందు కావలసింది ఒక కుర్చీ, వెలుతురు, నిశ్శబ్దం, గాలి, మంచినీళ్లు, శుభ్రమైన టాయిలెట్, ఫోను పెట్టుకునే ప్లగ్ పాయింటు. హాస్టల్ గదిలో నలుగురితో ఉండే పిల్లకు ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ప్రశాంతమైన చోటు ఆ హాలు. అందుకే నేను పాత హాళ్ల గురించి ఇంత పట్టుబడుతున్నాను. ఎత్తయిన పైకప్పు, రెండు వైపులా కిటికీలు, చుట్టూ వసారా ఉన్న పెద్ద హాలు ఈ పిల్లలకు సరిగ్గా సరిపోయే గది. వైరింగు కొత్తగా వేయండి, లైట్లు పెట్టండి, వెనక టాయిలెట్లు కట్టండి, వసారాలో అదనపు కుర్చీలు వేయండి, చక్రాల కుర్చీ ఎక్కేలా అరుగు పక్కన వాలు కట్టండి. ఇవన్నీ కలిపినా కూల్చి కట్టే ఖర్చులో చిన్న భాగమే అవుతుంది. ఎస్టిమేటు వేసి చూపించమంటే వేసి చూపిస్తాను.

డబ్బు మాట రాకుండా ఉండదు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా జనం కడుతూనే ఉన్నారు. 1948 మద్రాసు చట్టం, 1955 హైదరాబాదు చట్టం, రెంటినీ కలిపిన 1960 చట్టం, వీటన్నిటి ప్రాణం ఆ పన్నే. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు సరిగా జమ చేయడం లేదని ఏటా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఆ బకాయి రాబట్టడానికి మీరు పడే పాట్లు నాకు తెలుసు, ఆ పోరాటంలో పౌరులుగా మేమూ మీ వెంట ఉంటాం. అయితే వచ్చిన డబ్బులో కూడా నిర్వహణకు విడిగా పద్దు ఎందుకు లేదని అడగాలనిపిస్తుంది. కొత్త భవనానికి శంకుస్థాపన ఫొటో ఉంటుంది. తూములో ఆకులు తీయించినందుకు ఫొటో ఉండదు. ప్రపంచంలో 2,509 గ్రంథాలయాలకు డబ్బిచ్చిన అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఒక షరతు పెట్టేవాడు. భవనానికి నేనిచ్చే మొత్తంలో పదో వంతు మీ ఊరు ప్రతి ఏడాదీ దాని నడకకు ఖర్చు పెడతానని మాట ఇవ్వాలి, అప్పుడే ఇస్తాను అని. కోటి రూపాయల భవనానికి శాంక్షన్ ఇచ్చేటప్పుడు మనం అలాంటి మాట ఎవరి దగ్గరా తీసుకోవడం లేదు.

మిమ్మల్ని నేను అడిగేవి పెద్ద పనులేమీ కావు.

‘శిథిలం’ అని రాయడానికి ముందు, సున్నం కట్టడం తెలిసిన ఒక ఇంజనీరునో, పాత మేస్త్రీనో వెంట తీసుకెళ్లండి. నిచ్చెన వేసుకుని పైకి ఎక్కండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. దూలం కొసలో పదునైన ఊచతో గుచ్చి చూడండి, ఎంత లోతుకు దిగిందో రాసుకోండి. బీట పాతదా, ఇంకా పెరుగుతున్నదా తెలియాలంటే దాని మీద చిన్న గాజు పలక అతికించి ఆరు నెలలు చూడాలి. పలక పగిలితే గోడ కదులుతున్నట్టు. ఇవేవీ చేయకుండా వచ్చిన ఫైలును వెనక్కి పంపండి. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం 2020 జూలై వానల తరవాత ఖాళీ చేశారు. కూల్చాలా, నిలబెట్టాలా అన్న వాదన ఎన్ని కమిటీలు, ఎన్ని రిపోర్టులు దాటిందో మనం చూశాం. అంత పెద్ద భవనానికి అంత చర్చ జరిగింది. మండల కేంద్రంలో ఒక చిన్న గ్రంథాలయానికి ఒక్క మధ్యాహ్నం పరీక్ష కూడా జరగడం లేదు.

నిజంగా కూలే స్థితిలో ఉన్న భవనాలూ ఉంటాయి, నాకు తెలుసు. మనుషుల ప్రాణం మీదకు వచ్చినప్పుడు తీసేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. అప్పుడైనా ముందు దాని కొలతలు తీసి ప్లాను గీయించండి, ఫొటోలు తీయించండి. దాతల పలకను మొదటి రోజే జాగ్రత్తగా ఊడదీయించి కొత్త గోడలో పెట్టించండి. పుస్తకాలకు పొడి చోటు, ర్యాకులతో సహా, దొరికే వరకు ఒక్క ఇటుక కూడా కదిలించవద్దు. గోనె సంచి పుస్తకానికి చోటు కాదు.

కొత్తది కడితే పఠన మందిరం నేల మట్టం మీద ఉండనివ్వండి. ఉత్తరపు వెలుతురు తీసుకోండి. పడమరకు వసారా ఇవ్వండి. పుస్తకాల గదికి దాని భారం లెక్క వేయించండి. పక్కన పెరగడానికి కాస్త ఖాళీ స్థలం వదలండి. గ్రంథాలయం పెరిగే ప్రాణి అని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే రాశారు, మనం దాని నాలుగు పక్కలా షాపులు కడుతున్నాం.

ఇంకొక్కటి. ప్రతి జిల్లాలో 1956కి ముందు కట్టిన గ్రంథాలయ భవనాలు ఎన్ని ఉన్నాయో ఒక జాబితా తయారు చేయించండి. ఏ ఊరు, ఏ ఏడు, ఎవరు స్థలం ఇచ్చారు, పైకప్పు ఏమిటి, ఇప్పుడు ఎలా ఉంది. ఒక్కో శాఖా గ్రంథాలయాధికారి ఒక్కో పేజీ రాస్తే చాలు. వారోత్సవాల్లో ముగ్గుల పోటీ, వ్యాసరచన పోటీ పెడతాం కదా, ఈసారి ఆ ఊరి పిల్లల చేత ఆ భవనం చరిత్ర రాయించండి. పెద్దవాళ్లు ఇంకా కొంతమంది ఉన్నారు, అడిగితే చెబుతారు. పదేళ్ల తరవాత అడగడానికి ఉండరు.

నాకు ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్లు కాస్త నొప్పిగా ఉన్నా నిచ్చెన ఎక్కగలను. నాతో పాటు సున్నం పని తెలిసిన ఇద్దరు మేస్త్రీలు ఉన్నారు, ఒకరికి డెబ్బై దాటాయి. ఏ జిల్లా గ్రంథాలయ సంస్థ పిలిచినా మా ఖర్చులతో వస్తాం. ఫీజు ఏమీ అక్కర్లేదు. మే నెలాఖరులోగా పిలిస్తే మంచిది, తొలకరికి ముందే తూములు తీయించి, మిద్దెల మీద మొక్కలు పీకించి రావచ్చు.

ఇట్లు
గ్రంథాలయంలోనే అక్షరాలు నేర్చుకున్న ఒక రిటైర్డ్ ఇంజనీరు